రిబ్బన్ కత్తిరించేదాకా ఆకలి ఆపవలెను

తల్లిపాలు ఇన్ని వేల ఏళ్లుగా ఏ అధికారి సంతకమూ లేకుండా, ఏ రిజిస్టరులోనూ ఎక్కకుండా, ప్రపంచమంతటా ఇష్టం వచ్చినట్టు పంపిణీ అవుతూ వచ్చాయని తెలిసినప్పుడు జలపతి సారు మనసు కలత చెందింది. ఎవరు ఇచ్చారు, ఎవరు తాగారు, ఎన్ని గంటలకు తాగారు అన్న వివరాలు ఏ దస్త్రంలోనూ లేవు. ఇచ్చినవాళ్లు ఇచ్చారు. తాగినవాళ్లు తాగి పెద్దవాళ్లయ్యారు, వాళ్లలో కొందరు అధికారులు కూడా అయ్యారు. (జలపతి సారు కూడా తాగారని వాళ్లమ్మ చెబుతుంది గాని, లిఖితపూర్వకమైన ఆధారం లేదు.)

ఈ అరాచకాన్ని గాడిలో పెట్టడానికే ఆయనను సిరిసిల్లకు ‘స్తన్య ప్రోత్సాహక సమన్వయాధికారి’గా వేశారు. ఆ హోదా పలకడానికి నోరు తిరగక జనం ‘పాల సారు’ అన్నారు. దాంతో మొదటి నెలలోనే ఎల్లంతకుంట నుంచి ఇద్దరు రైతులు బర్రెపాలకు రేటు పెంచమని దరఖాస్తులు పట్టుకొచ్చారు. సారు వాటిని తిప్పి పంపలేదు. ‘ప్రజల్లో స్పందన’ అనే ఫైలులో పెట్టించారు. ఈనాటికీ ఆ ఫైలులో ఉన్న కాగితాలు అవే.

అనురాధకు జలపతి సారూ తెలియదు, ఆయన ఫైళ్లూ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా నాలుగు నెలల కూతురు సహస్రకు రెండు గంటలకోసారి ఆకలవుతుందని. గోడ గడియారం తప్పవచ్చు గాని పిల్ల తప్పదు. ఆకలైతే కుడి పిడికిలి నోట్లో కుక్కుకుంటుంది. కడుపు నిండితే అదే పిడికిలి విప్పి తల్లి పుస్తెలతాడు పట్టుకుంటుంది. ఈ రెండింటికీ నడుమ లోకంలో ఇంకో పని జరగడానికి వీల్లేదని దాని గట్టి అభిప్రాయం.

చీరల ఆర్డర్లు లేక వాడకట్టులో సాంచాలన్నీ ఆగిపోయాక, మరమగ్గాల చప్పుడు తప్ప వేరే జోలపాట ఎరగని ఆ ఇంట్లో నిశ్శబ్దానికే పిల్ల ఉలిక్కిపడటం మొదలుపెట్టింది. మూడు నెలల కింద భర్త మనోహర్ పని కోసం రాష్ట్రం దాటి భీవండి పోయాడు. అక్కడ సాంచాలు నడుస్తున్నాయి. నడిపేవాళ్లలో చాలామంది ఇటువాళ్లే కాబట్టి మాటకు కరువు లేదు, గాలికే కరువు. ఇప్పుడు ఒక గది దొరికింది. అనురాధకు కండెలు చుట్టే పని కూడా దొరికింది. ఆదివారం బస్సుకు ఆమెకొక సీటు, అత్త ఎల్లవ్వకొక సీటు ఖాయమయ్యాయి. సహస్రకు తల్లి ఒడి ఉంది.

“ఏం తేకున్నా మంచిదే గని, పిల్ల సూదుల కార్డు మీద బదిలీ సంతకం పెట్టిచ్చుకొని రా,” అన్నాడు మనోహర్ ఫోన్లో. “కార్డు లేకుంటే ఈడ మళ్ల మొదటికెల్లి సూదులేస్తరట.”

మొన్న తొడకు వేసిన ఒక్క సూదికే సహస్ర రెండు రోజులు వాడకట్టునంతా పరామర్శకు రప్పించింది. మళ్లీ మొదటి నుంచి అంటే అనురాధ ప్రాణం గిలగిలలాడింది. మరి ఆ సంతకం పెట్టే చెయ్యి జిల్లా మొత్తానికి ఒక్కటే, అది జలపతి సారుది.

అంగన్‌వాడీ టీచరు కొమురమ్మ మంగళవారం పొద్దున్నే ఇంటికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సంతకం ఎందుకు పెట్టడు? మంచిగ పెడ్తడు. గని శుక్రారం తల్లిపాల వారోత్సవాలల్ల నువ్వు ఆదర్శ తల్లివి కావాలె.”

“నేనా? నేనేం చేసిన టీచర్?”

“ఏం చెయ్యలే. గదే నీ అర్హత. డబ్బపాలు పొయ్యలే, తేనె నాకియ్యలే, గాడిద పాలు తాపలే.”

ఎల్లవ్వ తల తిప్పుకుని దండెం మీది బట్టలు సర్దసాగింది. (గాడిద పాలు అమ్మేవాడు వాకిట్లో ఆగిన మాట నిజం. ఎల్లవ్వ గ్లాసు పట్టుకుని ఎదురెళ్లిన మాటా నిజం. అనురాధ పిల్లతో సహా లోపల గొళ్లెం పెట్టుకోవడం వల్ల ఆ బేరం చరిత్రలోకి ఎక్కలేదు.)

“నాకంటే మంచోళ్లు ఎవ్వలు లేరా?”

“సెంటరుకొక్క తల్లి రావాలని ఆర్డరు. మన సెంటర్ల నలుగురు పాలిచ్చే తల్లులుంటే ఇద్దరు భీవండి పోయిన్రు, ఒకామె సూరత్ పోయింది. ఆదర్శానికి నువ్వొక్కదానివే మిగిలినవ్. నువ్వు సుత ఆదివారం పోతానంటివి. శుక్రారం దాకన్న ఆదర్శంగ ఉండరాదవ్వ!”

“పిల్లను తెచ్చుకోవచ్చా మరి?”

“తల్లిపాల మీటింగుకు పిల్లను గాకుంటే సద్ది తెస్తరా?” అని నవ్వింది కొమురమ్మ. ఆ వారం ఆమె మాట్లాడిన మాటల్లో నియమాలకు విరుద్ధమైనది అదొక్కటే.

శుక్రవారం తొమ్మిదింటికి సహస్ర కడుపునిండా తాగింది. పదింటికి ముగ్గురూ సభామందిరం మెట్ల దగ్గరికి చేరారు. ద్వారం పక్కన బల్ల వేసుకుని కావలి భీమయ్య రిజిస్టరులో తలలు ఎక్కిస్తున్నాడు. అతని వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది: ‘సభా మర్యాద దృష్ట్యా శిశువులకు ప్రవేశము లేదు.’

“గిదేంది భీమన్నా, తల్లిపాల మీటింగు గిదే గద?” అంది ఎల్లవ్వ.

“గిదేనమ్మ. తల్లులు లోపటికి, పిల్లలు బయటికి.”

“మరి పాలు?”

భీమయ్య రిజిస్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు. “పాలకు ఇందుల కాలమ్ లేదమ్మా.”

కొమురమ్మ లబలబలాడుతూ వెళ్లి జలపతి సారును పిలుచుకొచ్చింది. సారు కోప్పడలేదు. ఆయన ఎవరి మీదా కోప్పడే మనిషి కాదు, నియమం చెప్పి ఊరుకుంటారు. పోయినేడాది ఇదే వారోత్సవంలో ఒక శిశువు ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో బిగ్గరగా ఏడ్చి, ఆయన ‘ముర్రుపాలు’ అనబోయి ఇంకేదో అనేలా చేసిందట. ఆ శిశువు మీద విచారణ నడుస్తూనే ఉంది. (అది ఇప్పుడు నడవడం, మాట్లాడటం నేర్చుకోవడంతో వాంగ్మూలం తీసుకోవడానికి వీలు చిక్కింది.)

“పాలిచ్చే గది ఉందన్నరు గద సార్,” అంది అనురాధ.

గది ఉంది. లేదని ఎవరూ అనలేరు. మెట్లకు ఎడమ పక్కనే, గులాబి రంగు గోడలతో, పూల పరదాతో, మెత్త వేసిన కుర్చీతో, తిరుగుతున్న ఫ్యానుతో, నీళ్లు నిజంగానే వస్తున్న నల్లాతో అంత మంచి గది ఆ వాడలో ఏ తల్లీ చూసి ఉండదు. కాకపోతే దాని ద్వారానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. ముఖ్య అతిథి ఆరోజు జగిత్యాలలో ఒక గది, కోరుట్లలో ఒక గది ప్రారంభించి, మూడోదిగా దీన్ని ప్రారంభించాలి. మూడింటికీ మంజూరైన కత్తెర ఒక్కటే. అది ఆయన కారులోనే తిరుగుతోంది.

ఎల్లవ్వ రిబ్బన్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. నలభై ఏళ్లు బట్టతో బతికిన చెయ్యి. “సూరత్ మాలు. మనది గాదు,” అని వదిలేసింది.

“నేను రిబ్బన్ కింద నుంచి వంగి పోత సార్,” అంది అనురాధ. “పిల్లకు ఆకలైనప్పుడు ఒక్క పది నిమిషాలు. ఎవ్వలకు తెల్వది.”

“వంగి పోతే గది ప్రారంభం అయినట్టా, కానట్టా?” అన్నారు జలపతి సారు శాంతంగా.

అనురాధ రిబ్బన్ వంక చూసింది.

“అయినట్టే అంటే ముఖ్య అతిథి పాత గదిని ప్రారంభించినట్టు అయితది. కానట్టే అంటే మీరు లేని గదిల పాలిచ్చినట్టు అయితది. రెండూ తప్పే గదమ్మా?”

“అయితే గీ మెట్ల మీద కూసుంట సార్. కొంగు కప్పుకుంట.”

“గది ఉన్న ఆవరణలో గది బయట పాలియ్యడం గదిని అవమానించినట్టు. మొన్ననే సర్క్యులర్ ఇచ్చినం.”

“సంతకం...” అని నసిగింది అనురాధ.

“సభ అయినంక పెడ్త. కార్డు ఇటియ్యండి, నా దగ్గర భద్రంగ ఉంటది,” అని సారు సూదుల కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. పదకొండింటికి ఎట్లాగో బయటికి రావచ్చులే అనుకుని అనురాధ పిల్లను అత్త చేతికిచ్చింది. భీమయ్య రిజిస్టరులో ‘1’ వేశాడు. లోపల అడుగుపెట్టాక తెలిసింది, ‘స్తన్యసేతు’ అనే యాప్ అరగంటకోసారి ప్రతి తల్లి ముఖమూ చూస్తుందని, చూసినప్పుడు ముఖం లేకపోతే ఆ తల్లి తల్లి కాకుండా పోతుందని. ఆ యాప్ పట్టుకుని తిరిగేవాడు ఆపరేటర్ గోవర్ధన్.

సభలో నలభై మంది తల్లులున్నారు. ఎల్లారెడ్డిపేట నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లారకముందే బయలుదేరి వచ్చినవాళ్లు. నియమం ముందే తెలిసినవాళ్లు గనుక పిల్లల్ని ఇళ్ల దగ్గరే వదిలి వచ్చారు. వాళ్లు కొంగులు నిండా కప్పుకుని కూర్చోవడం చూసి సారు మన సంస్కృతిని మెచ్చుకున్నారు. కొంగుల కింద జాకెట్లు తడిసి ఉన్న సంగతి సంస్కృతి కిందకు రాదు.

జలపతి సారు ప్రసంగం మొదలుపెట్టారు. తెర మీద ఒక్కో బొమ్మా మారుతోంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పడితే అదే పిల్లకు మొదటి టీకా లాంటిదన్నారు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదన్నారు, ఎండాకాలంలో సైతం. తాగిన పిల్లకు విరేచనాలు, నిమ్ము, చెవిపోటు తక్కువన్నారు. ఇచ్చిన తల్లికి కాన్పు తర్వాత రక్తస్రావం త్వరగా తగ్గుతుందని, రొమ్ము క్యాన్సర్ భయం తగ్గుతుందని అన్నారు. అంతా నిజమే. ఒక్క మాటా తప్పు లేదు. అనురాధ కూడా తల ఊపుతూ గోడ గడియారం చూసింది. పదకొండు దాటి పది నిమిషాలు.

సరిగ్గా అప్పుడు బయటి మెట్ల మీద సహస్ర మొదలుపెట్టింది.

“ఇప్పుడు ముఖ్యమైన విషయం,” అన్నారు సారు. “ఆకలైన శిశువు ముందుగాల పెదవులు చప్పరిస్తది. తర్వాత పిడికిలి నోట్ల పెట్టుకుంటది. ఏడుపు చిట్టచివరి గుర్తు. ఏడ్చేదాకా ఆగే తల్లిని మనం ఏమనాలె?”

ఎవరూ ఏమీ అనలేదు. కిటికీలోంచి సహస్ర అంది.

“చూసిన్రా? అనుకోకుండ మంచి ఉదాహరణ దొరికింది. ఎవరిదమ్మా ఆ పిల్ల? ఆ తల్లికి బొత్తిగ అవగాహన లేనట్టుంది.”

అనురాధ లేచి నిలబడింది. “నాదే సార్.”

సారు ఆమెను చూశారు. చేతిలోని జాబితాలో ఆమె పేరు పక్కన ‘ఆదర్శ తల్లి’ అని ఉండటం చూశారు. “కూర్చోండమ్మా,” అన్నారు మృదువుగా. “ఆదర్శ తల్లులు మధ్యల లేవద్దు.”

కిటికీ బయట భీమయ్య గొంతు వినిపించింది. “పాపం, గొంతు పోతాంది గదమ్మా. నా చాయ్‌ల బిస్కిట్ ముంచి ఇయ్యనా?”

“వద్దయ్యా!” ఎల్లవ్వ గొంతు. “ఆర్నెల్లదాక నీళ్లసుక్క సుత పొయ్యనని నాతోటి ఏలిముద్ర ఏయించుకున్నరు.”

“మరేం బెడ్తవు దానికి?”

“గీ మీటింగు బెడ్తాన. తినుమను.”

ప్రసంగం తర్వాత ప్రదర్శన. పిల్లను రొమ్ముకు ఎట్లా పట్టుకోవాలో ఒక తల్లి వేదిక మీద చేసి చూపాలి. నిజమైన శిశువుకు ప్రవేశం లేదు కాబట్టి హైదరాబాదు నుంచి రబ్బరు శిశువును తెప్పించారు. దాని పేరు ‘శిశు నమూనా–3’. (మొదటిది జగిత్యాలలో, రెండోది కోరుట్లలో విధులు నిర్వహిస్తున్నాయి.) దాన్ని ఎండలో ఉంచకూడదు. కింద పెట్టకూడదు. ఎవరి పేరున రాసిస్తే వాళ్లే పట్టుకోవాలి, మరొకరికి ఇవ్వకూడదు. అందుకే లోపల కూలరు ముందు దానికో మెత్త వేశారు. బయట సహస్రకు మెట్లున్నాయి.

అనురాధ వేదిక మీద కూర్చుని కొంగు చాటున బొమ్మను పట్టుకుంది. అంతే, సభలో ఉన్న మగవాళ్లంతా ఒక్కసారిగా గోడలవైపు తిరిగారు. మన దగ్గర పాలిచ్చే తల్లి వైపు ఎవరూ చూడరు. చూస్తే మర్యాద కాదు, పైగా దిష్టి. బొమ్మకు దిష్టి తగలదని జలపతి సారుకు తెలుసు గాని, ఆయనా తల్లి పెంచిన కొడుకే. గోడ వైపు తిరిగి, మార్కుల కాగితం గోడకే ఆనించి నిలబడ్డారు. గోవర్ధన్ కూడా గోడకు ముఖం పెట్టి, ఫోను భుజం మీదుగా వెనక్కి చాపి ఫొటోలు తీశాడు. మొదటి నాలుగు ఫొటోల్లో ఫ్యాను చక్కగా వచ్చింది.

చూసి చెప్పే బాధ్యత కొమురమ్మ మీద పడింది.

“గడ్డం రొమ్ముకు ఆనిందా?” అడిగారు సారు గోడను.

“ఆనింది సార్.”

“కింది పెదవి బయటికి తిరిగిందా?”

“రబ్బరు పెదవి సార్. తిరుగుతలేదు.”

“అర మార్కు కోత. నోరు పెద్దగ తెరిచిందా?”

“దానికి నోరే లేదు సార్. గీత ఉన్నది.”

“ఇంకో అర మార్కు,” అన్నారు సారు బాధగా. “తల్లి జర సహకరించాలె.”

అప్పటికి బయట ఏడుపు మారింది. ఆగి ఆగి, ఎక్కిళ్లు కలిసి, కోపం పోయి బతిమాలుతున్నట్టు వస్తోంది. తల్లి ఒళ్లు సర్క్యులర్లు చదవదు. అనురాధకు రొమ్ముల్లో జివ్వుమని లాగింది. ఒక్క గడియలో జాకెట్టు తడిసింది, కొంగు తడిసింది, పాలు కారి బొమ్మ చెంప మీదుగా మెడలోకి దిగాయి. నలభై మంది తల్లుల్లో ఒకామె ముక్కు చీదింది. తర్వాత ఇంకొకామె చీదింది.

“సార్, తడిసింది సార్,” అంది కొమురమ్మ.

“ఏం తడిసింది?”

“బొమ్మ.”

సారు గోడకు ఆనించిన కాగితం తిరగేసి చూశారు. బొమ్మ తడవడం గురించి మార్గదర్శకాల్లో ఏమీ లేదు. బొమ్మను పట్టుకున్నా పాలు వస్తాయని రాసినవాళ్లెవరూ ఊహించలేదు.

“బయటి నల్లా దగ్గర కడిగి తుడుచుకొని రమ్మనండి,” అన్నారు సారు చివరికి. “కానీ ఆమె పేరు మీద ఉంది. ఆమే పట్టుకపోవాలె, ఆమే పట్టుకరావాలె. మూడు నిమిషాలు. యాప్ ముఖం చూసే టైము అయితాంది.”

అనురాధ బొమ్మను కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది. భీమయ్య రిజిస్టరులో రాసుకున్నాడు: బయటికి ఒక తల్లి, ఒక బొమ్మ.

మెట్ల మీద ఎల్లవ్వ పిల్లను భుజం మార్చి భుజం వేసుకుంటూ తిరుగుతోంది. పిల్ల పిడికిలి మొత్తం నోట్లోనే ఉంది.

“తే అత్తమ్మా.”

“సంతకమైందా?”

“కాలే. ముందు పిల్లను తే. నువ్వు గిది పట్టుకో.”

ఎల్లవ్వ రబ్బరు శిశువును అటూ ఇటూ తిప్పి చూసింది. “గిదేందే?”

“పట్టుకో. గిది ఏడ్వది.”

సహస్ర తల్లి వాసన తగలగానే వెతుక్కోలేదు, ఆగలేదు. అనురాధ కొంగు నిండా కప్పుకుని మెట్లెక్కి ద్వారం చేరేసరికే అది గుటకలు వేస్తోంది. భీమయ్య తలెత్తాడు.

“బొమ్మ ఆరిందా?”

“ఆరింది భీమన్నా.”

కొంగు అంచున ఒక చిన్న పాదం బయటికి కనిపిస్తోంది. చీలమండకు నల్లదారం, బొటనవేలు ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉంది. భీమయ్య ఆ పాదాన్ని చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు, వానొచ్చేటట్టు ఉందా అని. రిజిస్టరులో రాశాడు: లోపలికి ఒక తల్లి, ఒక బొమ్మ.

ప్రదర్శన మళ్లీ మొదలైంది. మగవాళ్లు మళ్లీ గోడలకు తిరిగారు. కొమురమ్మ కొంగు చాటున తొంగి చూసి, అట్లాగే నోరు తెరిచి ఉండిపోయింది.

“టీచర్! నోరు పెద్దగ తెరిచిందా?”

“తె... తెరిచింది సార్. పిట్టపిల్ల లెక్క తెరిచింది.”

“కింది పెదవి?”

“తిరిగింది సార్.”

“గడ్డం?”

“ఆనింది సార్. మంచిగ ఆనింది.”

“మింగుతున్న చప్పుడు వినిపించాలని మార్గదర్శకాల్లో ఉంది. బొమ్మ కాబట్టి దాన్ని వదిలేద్దం,” అని సారు అంటుండగానే ఆ చప్పుడు వినిపించింది. ఒకటి, మరొకటి. నలభై మంది తల్లుల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ముందు వరుసలో ఒకామె కళ్లు మూసుకుని, ఆ గుటకలు తన పిల్ల వేస్తున్నట్టు వింటూ కూర్చుంది.

జలపతి సారు గోడ మీదే పదికి పది వేశారు. “శిక్షణ అంటే ఇదమ్మా,” అన్నారు మురిసిపోతూ. “మొదటిసారి నోరే లేని బొమ్మ, రెండోసారికి మింగింది.”

పావుగంట తర్వాత అనురాధ ‘బొమ్మకు బట్ట మార్చడానికి’ మళ్లీ బయటికి వెళ్లింది. ఈసారి లోపలికి వచ్చింది నిజంగా బొమ్మే. భీమయ్యకు ఈసారి ఆకాశం చూడాల్సిన అవసరం రాలేదు.

ముఖ్య అతిథి కత్తెరతో సహా ఒంటిగంటకు దిగారు. కోరుట్లలో రిబ్బన్ మందంగా ఉండటంతో ఆలస్యమైందట. రిబ్బన్ తెగింది. చప్పట్లు మోగాయి. అతిథి గులాబి గదిలోకి తొంగి చూసి సంతోషించి, “ఏదీ, ఒక తల్లి బిడ్డకు పాలిస్తుంటే ఒక ఫొటో తీసుకుందాం,” అన్నారు.

ఆవరణ మొత్తానికి అందుబాటులో ఉన్న శిశువు ఒక్కతే. అది ఎల్లవ్వ భుజం మీద నోరు కొద్దిగా తెరుచుకుని, పాల చుక్క పెదవి చివర ఆరిపోయి, లోకంతో పని లేకుండా నిద్రపోతోంది. అనురాధ దాన్ని కుర్చీలో ఒడిలోకి తీసుకుని రొమ్ము దగ్గర పెట్టింది. సహస్ర పెదవులు బిగించుకుంది.

“లేపండమ్మా,” అన్నారు జలపతి సారు.

“కడుపు నిండింది సార్. తాగది.”

“ఎట్ల నిండింది? ఎవరి పర్మిషన్ తోని?”

ఎల్లవ్వకు అంతదాకా ఉన్న ఓపిక అక్కడితో అయిపోయింది. “ఇందాక గొంతు పలిగేటట్టు ఏడ్సింది సారూ. గప్పుడు మీ కత్తెర రాలే. గిప్పుడు నా మనుమరాలు పండుకున్నంక కత్తెర అచ్చింది. కత్తెర కోసం మళ్ల ఆకలి గొనుక్కరమ్మంటరా?”

ముఖ్య అతిథి గడియారం చూసుకున్నారు. శిశువుకు తిరిగి ఆకలి కావడానికి ఎంత సమయం పడుతుందని సారును అడిగారు. రెండు గంటలని సారు వివరించారు. అంత వ్యవధి లేకపోవడంతో శిశు నమూనా–3ను పిలిపించారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. గది రిజిస్టరులో మొదటి లబ్ధిదారుగా దాని పేరే ఎక్కింది.

జనం పలచబడ్డాక అనురాధ సంతకం కోసం బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో అప్పటికే ‘ఆదర్శ తల్లి’ ప్రశంసాపత్రం ఉంది. జలపతి సారు జేబులోంచి కార్డు తీశారు, కలం మూత కూడా తీశారు. ఆయనకు సంతకం పెట్టాలనే ఉంది. గోవర్ధన్ యాప్ తెరిచాడు. యాప్ ఒక్క ప్రశ్న అడిగింది: ‘నేడు శిశువు ఆవరణలో తల్లిపాలు స్వీకరించెనా?’

“గదిల తాగినట్టు బొమ్మ ఒక్కదాని పేరే ఉంది సార్,” అన్నాడు గోవర్ధన్.

“తాగింది సార్,” అంది అనురాధ. “మీ ముందటనే తాగింది. మీరే పదికి పది ఏసిన్రు.”

జలపతి సారు ఆమె ముఖం చూశారు. తర్వాత నిద్రపోతున్న పిల్లను చూశారు. పెదవి పక్కన ఆరిన పాల చార కూడా చూశారు. కలానికి మూత పెట్టారు.

“నేను గోడ చూసిన్నమ్మా,” అన్నారు చివరికి, కాస్త తగ్గు గొంతుతో. “చూసింది రాయగల్గుత. చూడంది ఎట్ల రాస్త?”

గోవర్ధన్ ‘లేదు’ నొక్కాడు. తెర ఎర్రబడింది. ‘ఈ తల్లికి తల్లిపాల ప్రయోజనాలపై అవగాహన లేదు. సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఇంటి వద్ద అవగాహన కల్పించిన పిమ్మట మాత్రమే కార్డు బదిలీ చేయవలెను.’

“సోమారం నేనుండ సార్. ఎల్లుండి బస్సు.”

“అది యాప్ ఇచ్చిన తారీఖమ్మా. నా చేతుల లేదు.”

“మరి నేను లేని ఇంటికి అచ్చి ఎవ్వలకు చెప్తరు సార్?”

“చెప్పుడు మా బాధ్యత,” అన్నారు సారు. “వినుడు మీ బాధ్యత.”

“కార్డన్న ఇయ్యుండ్రి. సంతకం లేకున్నా మంచిదే.”

“అసంపూర్తి కార్డు బయటికియ్యద్దమ్మా. పిల్లకే నష్టం,” అని ఆయన దాన్ని నలగకుండా జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం బస్సు కదిలింది. సహస్ర ఊరి పొలిమేర దాటకముందే ఒకసారి తాగింది, ఆ తర్వాత దారి పొడుగునా తనకు తోచినప్పుడల్లా తాగింది. కార్డు కోసం కొమురమ్మ శనివారం రెండుసార్లు ఆఫీసుకు పోయి వచ్చింది గాని, వారోత్సవాల విజయం సందర్భంగా ఆఫీసుకు సెలవు.

సోమవారం సరిగ్గా పదకొండు గంటలకు జలపతి సారు, గోవర్ధన్ ఆ వాడకట్టులోకి వచ్చారు. సారు ఆలస్యం చేసే మనిషి కాదు. ఇంటికి తాళం వేసి ఉంది. అవగాహన వాయిదా వేసే వీలు యాప్‌లో లేదు. అందుకని సారు తలుపు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ముర్రుపాల దగ్గర నుంచి మొదలుపెట్టి, నలభై నిమిషాల పాటు ఒక్క ప్రయోజనమూ వదలకుండా తాళానికి చెప్పారు.

ఆ సమయానికి భీవండిలో సూది వేసే నర్సమ్మ కార్డు లేదని సహస్రకు మళ్లీ మొదటి సూది వేస్తోంది. అనురాధ పిల్లను రొమ్ముకు పెట్టుకుని తొడ చూపించింది. తాగుతుండగా సూది వేస్తే పిల్లకు నొప్పి తక్కువ తెలుస్తుంది. అది కూడా తల్లిపాల ప్రయోజనమే గాని, సారు తెర మీద ఆ బొమ్మ లేదు.

సిరిసిల్లలో ప్రసంగం ముగిసింది. ‘తల్లి ఎదురు ప్రశ్నలు వేయక, మౌనముగా, పూర్తి శ్రద్ధతో విన్నది’ అని గోవర్ధన్ నమోదు చేశాడు. జలపతి సారు సంతృప్తిగా కార్డు తీసి, బదిలీ సంతకం పెట్టి, కింద తేదీ వేసి, తలుపు సందులోంచి లోపలికి తోశారు. కార్డు లబ్ధిదారు ఇంటికి చేరినట్టు యాప్‌లో ఆకుపచ్చ గుర్తు వచ్చింది.